అచ్చక్క దిద్దనన్న తప్పు

అచ్చక్క ముప్ఫై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో చెప్పుకోదగ్గ తప్పు ఒక్కటే చేసింది. దాన్ని దిద్దమన్న రోజున, దిద్దను, ఉద్యోగం పోయినా సరేనంది. లోకంలో తప్పు చేసినవాళ్లు మామూలుగా నాలుక్కరుచుకుంటారు, నీళ్లు నములుతారు, వీలైతే పక్కవాడి మీదికి తోసేస్తారు. ఈవిడ మాత్రం ఆ తప్పుని కన్నబిడ్డలా చంకనెత్తుకుని, ఎవరైనా చెయ్యి వేస్తే చూడండి అంది.

అచ్చక్క అనేది ఆవిడ అసలు పేరు కాదు. అచ్చాఫీసులో అక్షరాలు కూర్చే పని కాబట్టి అచ్చక్క. బస్సు డిపో వెనక వీధిలో, సైకిళ్లు బాగుచేసే కొట్టుకీ గాజు పలకలు కోసే కొట్టుకీ మధ్య ఉంటుంది ఆ అచ్చాఫీసు. ముందు గదిలో యజమాని బల్ల, నడిమి గదిలో అక్షరాలు కూర్చే చోటు, వెనక గదిలో మిషనూ కుట్టుపనీ. మిషను నడిపే ఆయన్ని మోతాయన అంటారు. నలభై ఏళ్లు ఆ చప్పుడులో నిలబడి సగం చెవుడు తెచ్చుకున్నాడు, అందుకని రహస్యం కూడా వీధి చివరికి వినపడేలా చెబుతాడు. పుస్తకాలు కుట్టే ఆవిడ సూదిపిన్ని. ఆవిడ నోరు ఆవిడ సూదికన్నా వాడి.

అచ్చక్క అక్కడ చేరినప్పుడు పందొమ్మిదేళ్లు. అప్పట్లో కంప్యూటర్లు ఎక్కడివి? గళ్లగళ్ల చెక్క అరల్లో సీసపు అక్షరాలుండేవి. ఒక్కొక్కటీ ఏరి, వరసలో పేర్చి, తాడు చుట్టి మిషనెక్కించేవాళ్లు. అచ్చాఫీసుని నిలబెట్టింది పదిహేను రోజులకోసారి వచ్చే చిన్న పుస్తకం. అరవై నాలుగు పేజీలు, జేబులో పట్టేంత, అట్ట మీద ఎర్రటి ఆకాశం, పచ్చటి రాక్షసుడు. బస్టాండుల్లో, మంగలి కొట్ల బెంచీల మీద, ఆసుపత్రి వరండాల్లో ఎక్కడ చూసినా అవే. చదివినవాళ్లు చదివినట్టు ఒప్పుకునేవాళ్లు కాదు, చదవనివాళ్లు దొరికేవాళ్లు కాదు.

ఆ కథలు రాసినాయన లారీల తూకపు గుమస్తా. అందరూ తూకాలాయన అనేవాళ్లు. లారీ వచ్చి కాటా ఎక్కేది, ఆయన చీటీ రాసిచ్చేవాడు, మళ్లీ లారీ వచ్చేలోపల పాడైపోయిన తూకం చీటీల వెనకవైపు కథ రాసేవాడు. లారీకీ లారీకీ మధ్య ఒక రాక్షసుడు చచ్చేవాడు. ఆ చీటీ నాలుగు వేళ్ల వెడల్పు. దాని మీద ఒక వరసలో మూడు మాటలు పడితే గొప్ప. నాలుగో మాట సగంలో విరిగి కింది వరసలోకి జారేది. పైగా ఆయన చేతిరాత కోడి గెలికినట్టుండేది. దాన్ని చదవగలిగింది ఆ ఆఫీసులో అచ్చక్క ఒక్కతే. చేరిన ఆరు నెలలకే ఆ పని ఆవిడ నెత్తిన పడింది.

అలా ఒకరోజు రాజ్యం పోగొట్టుకున్న రాణి కథ మొదటి పుస్తకం వచ్చింది. ఆ రాణి ఇసుక మీద నడిచే ఓడెక్కి తిరుగుతుంది. నీడల దొర అనే మహాకాయుడు ఒక నగరం పక్కన నిలబడతాడు. వాడి నీడ ఎవరి మీద పడితే వాళ్లు తమ పేరు తాము మర్చిపోతారు. తల్లి బిడ్డని పిలవలేదు, అంగడివాడు తన కొట్టేదో పోల్చుకోలేడు. రాణి ఒక్కతే వాడికి ఎదురు నిలుస్తుంది. చివరి చీటీలో చివరి వాక్యం తూకాలాయన ఇలా రాశాడు: "రాణి నడుంలోంచి కత్తి రయ్యిన దూసింది."

అయితే చీటీ సన్నం కదా. "కత్తి ర" దగ్గర వరస అయిపోయింది. "య్యిన దూసింది" కింది వరసలోకి పోయింది, దాని మీద టీ గ్లాసు పెట్టిన మరక. అచ్చక్క "కత్తిర" అని చదివింది. పాపం ఆయనకి ఎత్వం రాయడం రాలేదనుకుని "కత్తెర" అని సరిచేసి మరీ పెట్టింది. "య్యిన" తో మొదలయ్యే మాట భాషలో లేదు గనక, పెన్ను పాళీ పరీక్షించి చూసుకున్నాడనుకుని వదిలేసింది.

ఇంకెవరైనా అయితే ఆగి ఆలోచించేవాళ్లేమో. రాణేమిటి, యుద్ధంలో కత్తెరేమిటి అని. అచ్చక్కకి ఆ అనుమానమే రాలేదు. వాళ్లమ్మ బట్టలు కుట్టేది. ఇంట్లో పళ్లెం పోయినా ఫర్వాలేదు, తలుపు గడియ ఊడినా ఫర్వాలేదు గానీ కత్తెర జోలికి పోతే వీపు చిట్లేది. దాంతో కాగితం కత్తిరించకూడదు, దాన్ని పక్కింటికి ఎరువివ్వకూడదు. ఆ ఇంట్లో పెరిగిన పిల్లకి, ఒక ఆడది ఆపద వేళ నడుంలోంచి తీసే వస్తువు కత్తెరే అయ్యుంటుందని తోచడంలో వింతేముంది?

రెండు వేల ప్రతులు అచ్చయి ఊళ్ల మీద పడ్డాక తూకాలాయన చూసుకున్నాడు. కాటా వదిలేసి పరుగున వచ్చి అచ్చాఫీసు కప్పు ఎగిరిపోయేలా అరిచాడు. "రాణి ఏం చేస్తుంది తల్లీ ఇప్పుడు? రాక్షసుడికి క్రాపు చేస్తుందా?" అన్నాడు. మోతాయనకి ఆ అరుపు ఇప్పటికీ గుర్తే, ఎందుకంటే స్పష్టంగా వినపడిన ఆఖరి మాటల్లో అదొకటట. అచ్చక్క మూల నిలబడి ఏడ్చింది. ఉద్యోగం పోయిందనే అనుకుంది.

మూడో రోజు నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. ఒక మంగలి రాశాడు. బట్టలు కుట్టేవాళ్లు పదిమంది కలిసి ఒకే కార్డు మీద రాశారు. ఆసుపత్రిలో నర్సు రాసింది. రేకులు కత్తిరించే పనివాడు చెయ్యి తిరగని అక్షరాలతో రాశాడు. అందరిదీ ఒకటే ప్రశ్న: కత్తెరతో ఏం చేస్తుంది? కత్తి దూసిన రాణులని వాళ్లు చాలామందిని చూశారు. కత్తి దూస్తే ఏమవుతుందో చదవక్కర్లేకుండానే తెలుసు. కత్తెర దూసిన రాణిని ఎవరూ చూడలేదు. పదిహేను రోజులు ఆగడం జనానికి గగనమైపోయింది.

తూకాలాయనకి తల ప్రాణం తోకకొచ్చింది. తొమ్మిది రోజులు జుట్టు పీక్కుని, పదో రోజున చీటీల కట్ట తెచ్చి అచ్చక్క చేతిలో పడేశాడు. "ఏం పిల్లా, నువ్వు చేసిన నిర్వాకానికి నాకు కంటి మీద కునుకు లేదు. చూడు, కుదిరిందో లేదో," అన్నాడు. అందులో రాణి నీడల దొర జోలికే పోదు. వాడి కాలి దగ్గర చతికిలబడి, వాడి నీడని మడమ దగ్గర్నుంచి గుడ్డ కత్తిరించినట్టు కత్తిరిస్తుంది. నీడ ఊడిపోగానే నగరం మీద ఎండ పడుతుంది. జనానికి పేర్లు గుర్తొస్తాయి.

ఆ రాణి కథ మొత్తం నలభై ఆరు పుస్తకాలు నడిచింది. ఆ కత్తెర మంచుని కత్తిరించి దారి చేసింది, పాడుమాటల్ని మధ్యలో తుంచేసింది, చావబోయేవాడి ఆఖరి ఘడియని రెండు ముక్కలు చేసి రెండోది వెనక్కిచ్చింది.

అచ్చక్క వాళ్లమ్మకి చదువు అంతంత మాత్రం. కూడబలుక్కుని చదివేది. రెండో పుస్తకం చదవడానికి నాలుగు రోజులు పట్టింది. అయిపోయాక పుస్తకం మూసి, "ఇన్నేళ్లూ ఇది పట్టుకుని కూర్చున్నాను. దీంతో ఇంత పని జరుగుతుందని నాకెవరూ చెప్పలేదే," అంది. ఆ మాట అచ్చక్క మర్చిపోలేదు. ఆ మాట కోసమే ఈ గొడవంతా.

గొడవ ఎలా వచ్చిందంటే, తూకాలాయన పోయిన ఏడాదికి ఆయన కూతురు అచ్చాఫీసుకి వచ్చింది. ఆవిడ కాలేజీలో సాహిత్యం చెప్పే లెక్చరరమ్మ. వెంట ఒక రేకుపెట్టె, దాన్నిండా తండ్రి చీటీల కట్టలు, చేతిలో పెద్దల సాహిత్య సంఘం వాళ్ల ఉత్తరం. తండ్రి కథలు గట్టి అట్టతో సంపుటాలుగా వేస్తామన్నారు సంఘం వాళ్లు. షరతు ఒకటే: మూలప్రతిలో ఉన్నట్టే వెయ్యాలి, అచ్చుతప్పులు ఏరెయ్యాలి. ముఖ్యంగా ఆ కత్తెర.

చిన్న యజమాని ఎగిరి గంతేసినంత పనిచేశాడు. వాళ్ల నాన్న కాలం నాటి పేరు మళ్లీ వస్తుందని అతని ఆశ. అచ్చక్కని ముందు గదిలోకి పిలిచాడు.

లెక్చరరమ్మ మర్యాదగానే చెప్పింది. "అచ్చక్కా, మిమ్మల్ని తప్పు పట్టడానికి కాదు. నాన్న రాసింది కత్తి. ఇదిగో చీటీ. మొదటిది అచ్చుతప్పు, తర్వాతవన్నీ దాన్ని కప్పిపుచ్చుకోడానికి వచ్చినవే. మొదటిది దిద్దితే మిగతావీ దిద్దాలి. మొత్తం కత్తి అని మార్చేయండి."

"మార్చనమ్మా," అంది అచ్చక్క.

"ఏమిటి?"

"మార్చను. చీటీలో కత్తి అనే ఉంది, కాదనను. కత్తెర నా తప్పే. దాన్ని ఉండనివ్వండి."

చిన్న యజమాని ముఖం మాడ్చుకున్నాడు. "అక్కా, నువ్వే కదా కామా తేడా వస్తే నన్ను కూడా చీవాట్లేస్తావు. ఇదేం పట్టుదల?"

"ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఊళ్లోవాళ్ల తప్పులన్నీ దిద్దాను బాబూ. వకీళ్లవి, ఎమ్మెల్యేలవి, పెళ్లికొడుకులవి. చేసిన తప్పుల్లో పదిమందికి పనికొచ్చింది నాది ఒక్కటే. దాన్ని కూడా నా చేత్తోనే దిద్దించుకుంటావా?"

లెక్చరరమ్మ రేకుపెట్టె మీద చెయ్యి వేసింది. "మీకు తెలీదు. నేను బడికెళ్తే రాక్షసుల కూతురొచ్చిందనేవాళ్లు. కాలేజీలో చేరాక కూడా, పెద్ద పెద్దవాళ్లు కాఫీలు తాగుతూ, మీ నాన్నగారు ఇవాళ ఎవర్ని చంపారండీ అని నవ్వేవాళ్లు. ఆయన ఉన్నన్నాళ్లూ ఒక్కరంటే ఒక్కరు రచయిత అనలేదు. పోయాకైనా అనిపించాలని నా తాపత్రయం. రాణి చేతిలో కత్తెర పెట్టి సంఘం ముందు నిలబడితే మళ్లీ నవ్వరా?"

అచ్చక్కకి జాలేసింది. కానీ జాలి వేరు, ఒప్పుకోవడం వేరు. "నవ్వనీయండి. ఈ పుస్తకాలు చదివినవాళ్లు నవ్వలేదు. ఆ నర్సు నవ్వలేదు, రేకుల పనివాడు నవ్వలేదు. పొద్దుణ్ణుంచీ ఎవడో ఒకడి అరుపులు పడి, సాయంత్రం బస్సులో నిలబడి, ఒక చేత్తో కడ్డీ, ఒక చేత్తో ఈ పుస్తకం పట్టుకున్నవాళ్లు. వాళ్ల చేతిలో ఉన్న వస్తువుతోనే రాక్షసుణ్ణి పడగొట్టొచ్చని రాసింది మీ నాన్నగారు. అంతకన్నా రచయిత అంటే ఎవరమ్మా?"

"కాలక్షేపం కథలవి. వాటివల్ల బాగుపడ్డవాళ్లు ఎవరున్నారు చెప్పండి?"

"బాగుపడ్డానికి బోలెడు పుస్తకాలు అచ్చేశాను నేను. వాటిని వెనక గదిలో చెదలు చదువుతున్నాయి," అంది అచ్చక్క.

వెనక గదిలోంచి సూదిపిన్ని కిసుక్కున నవ్వింది. చిన్న యజమానికి ఒళ్లు మండింది. "సరే అక్కా. నువ్వు మార్చకపోతే నేనే మారుస్తాను, మీట నొక్కితే నిమిషం పని. నీకంత ఇష్టం లేకపోతే రేపట్నుంచి రానక్కర్లేదు."

"అలాగే. ఇవాళ సాయంత్రం దాకా మాత్రం నా కుర్చీ నాదే," అని అచ్చక్క వెళ్లి తన కుర్చీలో కూర్చుంది.

చిన్న యజమాని అన్నంత పనీ చేశాడు. రాణి పుస్తకాలన్నీ అచ్చక్క ఎప్పుడో కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టింది. కత్తెర అని ఉన్నచోటల్లా కత్తి అని మార్చమని యంత్రానికి చెప్పాడు. రెండు వందల పన్నెండు చోట్ల మారింది. కాగితాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇక మిషనెక్కించడమే."

"అదెలా కుదురుతుంది?" అంది అచ్చక్క కూర్చున్నచోటు నుంచే. "చదివించకుండా ఈ ఆఫీసులో ఏదీ మిషనెక్కదు. మీ నాన్న పెట్టిన పద్ధతి."

ఆ పద్ధతి ఏమిటంటే, ప్రూఫు ఒకరు పైకి చదవాలి. ఇంకొకరు మూలప్రతి పట్టుకుని వింటూ, తేడా వచ్చినచోట ఉన్న మాట చెప్పాలి. చివరికి పెళ్లి కార్డయినా సరే. చిన్న యజమాని నాన్న మాట జవదాటలేడు.

"నేనే చదువుతాను," అంది లెక్చరరమ్మ, కాస్త విసురుగా. "మూలప్రతి మీరు పట్టుకోండి. మీకు న్యాయంగానే ఉంటుంది కదా."

"మొదటి పుస్తకంలో తేడా ఒక్కటే, అది ఇందాకే అయిపోయింది. రెండోది చదవండి," అని అచ్చక్క రేకుపెట్టెలోంచి రెండో కట్ట తీసింది. దాని తాడు ముడి బిగిసిపోయి ఉంది. "ఇది విప్పి చూడలేదా అమ్మా మీరు?"

నిజం ఏమిటంటే లెక్చరరమ్మ తండ్రి పుస్తకం ఒక్కటి కూడా పూర్తిగా చదవలేదు. చిన్నప్పుడు తల్లి చదవనివ్వలేదు, పెద్దయ్యాక సిగ్గు చదవనివ్వలేదు. తండ్రి పోయాక పై కట్ట ఒక్కటి విప్పి, ఆ చివరి చీటీ చూసి, అచ్చుతప్పు దొరికిందని సంబరపడి మూసేసింది.

సరే, చదవడం మొదలుపెట్టింది. పాఠం చెప్పే గొంతు, మాట మాటా గాజులా పలుకుతుంది. "రాణి కత్తి నోరు తెరిచింది."

"కత్తెర," అంది అచ్చక్క చీటీ చూస్తూ.

"బొటనవేలు కత్తి కన్నంలో దూర్చి..." లెక్చరరమ్మ ఆగింది. కత్తికి కన్నమేమిటన్నట్టు కాగితం వంక చూసింది.

"కత్తెర," అంది అచ్చక్క. చీటీ ఆవిడ ముందు పెట్టింది. తండ్రి చేతిరాతే, ఎత్వంతో సహా స్పష్టంగా, కావాలని పాళీ ఒత్తి రాసినట్టుంది.

"నీడల దొర నవ్వాడు. ఇలాంటి కత్తిలు నూరు తెచ్చినా నన్నేం చేస్తాయి..." యంత్రం చేసిన ఘనకార్యం అది. అయ్యవారిని చెయ్యబోతే కోతయింది.

వెనక గదిలో మిషను ఆగింది. మోతాయన తలుపు దగ్గరికొచ్చి, "ఏంటి? కత్తిలా? కత్తెరలు కదా?" అని వీధంతా వినపడేలా అడిగాడు. సూదిపిన్ని సూది రవికకి గుచ్చుకుని వచ్చి నిలబడింది. ఆ తర్వాత లెక్చరరమ్మ ఎక్కడ కత్తి అన్నా మూడు గొంతులు కత్తెర అన్నాయి. మోతాయనకి వినపడక కాస్త ఆలస్యంగా అనేవాడు, అందుకని ప్రతిసారీ రెండుసార్లు అన్నట్టుండేది. చిన్న యజమాని నెత్తి పట్టుకున్నాడు.

లెక్చరరమ్మ చెవులు ఎర్రబడ్డాయి. అయినా చదవడం మానలేదు. పంతానికి పంతం. అయితే కథ అనేది పంతాల్ని లెక్కచెయ్యదు. రాణి నగరంలోకి అడుగుపెట్టింది. నీడలో నిలబడ్డ ఒక పిల్ల, వాళ్లమ్మ కొంగు పట్టుకుని, నన్నేమని పిలుస్తావో చెప్పమ్మా అని అడుగుతోంది. తల్లి నోరు తెరుస్తోంది, పేరు రావడం లేదు. అక్కడ లెక్చరరమ్మ గొంతు మారింది. పాఠం చెప్పే గొంతు పోయి, వట్టి మనిషి గొంతు వచ్చింది. చదివే వేగం పెరిగింది. కాగితం తిప్పేటప్పుడు వేలు తడిపి తొందరగా తిప్పుతోంది. నీడల దొర కాలెత్తాడు. రాణి ఇంకా సగం నీడే కత్తిరించింది. కాలు దిగుతోంది.

"రాణి కదల్లేదు. కాలు తల మీదికొచ్చింది. ఇంకా జానెడు నీడ ఉంది. రాణి కత్తెర..."

చదివేసి ముందుకి పోయింది. ఎదురుగా కాగితం మీద ఉన్నది కత్తి. ఆవిడ నోటివెంట వచ్చింది కత్తెర. ఆ సంగతి ఆవిడకి తెలియలేదు. మిగతా నలుగురికీ తెలిసింది. ఎవరూ కిక్కురుమనలేదు. ఎగతాళి చేసే వేళ కాదది, రాణి తల మీద రాక్షసుడి కాలుంది.

నీడ తెగింది. ఎండ పడింది. తల్లి పిల్లని పేరు పెట్టి పిలిచింది. ఆ పేరు ఏమిటో చదివి లెక్చరరమ్మ ఆగిపోయింది. కాగితం కింద పెట్టింది.

అది ఆవిడ పేరే. అప్పుడావిడకి ఏడేళ్లు. తండ్రి కాటా దగ్గర కూర్చుని, రెండు లారీల మధ్య, తూకం చీటీ వెనక రాసిన పేరు. రెండు వేలమంది చదివారు. చదవనిది ఆవిడ ఒక్కతే.

చాలాసేపు ఏడ్చింది. సూదిపిన్ని వెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చింది. అచ్చక్క ఓదార్చలేదు. తండ్రీ కూతుళ్ల మధ్యలో తనకేం పని అనుకుని కళ్లు తుడుచుకుంది.

"మూడో కట్ట ఏది?" అంది లెక్చరరమ్మ చివరికి, ముక్కు చీదుకుంటూ.

"ఉంది లెండి, ఎక్కడికీ పోదు," అంది అచ్చక్క. "ముందు ఇది తేల్చండి. కత్తా, కత్తెరా?"

లెక్చరరమ్మ ఆలోచించింది. "మూలప్రతి ప్రకారం వెయ్యమన్నారు సంఘం వాళ్లు. రెండో పుస్తకం నుంచీ మూలప్రతిలోనే కత్తెర ఉంది. నాన్న చేత్తో రాశారు. దాన్ని మార్చమనే హక్కు సంఘానికీ లేదు, నాకూ లేదు. నవ్వితే నవ్వనీ. లేచి నిలబడి చదివి వినిపిస్తాను, అప్పుడు నవ్వమనండి చూద్దాం."

మోతాయనకి ఎవరో చెవిలో చెప్పారు. ఆయన చప్పట్లు కొట్టాడు.

"మరి మొదటి పుస్తకం ఆఖరి మాట?" అంది అచ్చక్క.

"అది మాత్రం..." లెక్చరరమ్మ తల దించుకుంది. "అక్కడ నాన్న రాసింది కత్తే కదా అచ్చక్కా. ఆయన రాసిన మాట నేనెలా కొట్టేస్తాను? మూలప్రతి అని సంతకం కూడా పెట్టాను."

"పుట్టిన చోటు కొట్టేస్తే మిగతా నలభై అయిదు పుస్తకాలకీ ఊరూ పేరూ ఉండదమ్మా. అక్కడ కత్తి దూసి, తెల్లారేసరికి కత్తెర పట్టుకుంటే రాణికి మతి పోయిందనుకుంటారు. నేను కూర్చను."

"ఒక్క మాట కదా అక్కా!" అన్నాడు చిన్న యజమాని.

"ఒక్క మాటే. అందుకే కూర్చను."

ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరిదీ న్యాయమే. అలాంటి తగువు తెగడం కష్టం. ఒకరిది తండ్రి మాట, ఒకరిది తల్లి మాట. మోతాయన ఇద్దరి మొహాలూ చూసి, ఏమీ అర్థంకాక, మళ్లీ మిషను దగ్గరికెళ్లాడు.

లెక్చరరమ్మే చివరికి అడిగింది. "పుస్తకం వెనక తప్పొప్పుల పట్టిక వేస్తారు కదా?"

అచ్చక్క కస్సుమంది. అచ్చయిపోయాక బయటపడ్డ తప్పుల్ని ఆఖరి పేజీలో, ఒక పక్క తప్పు, ఒక పక్క ఒప్పు అని వరస పెట్టే పట్టిక అది. అక్షరాలు కూర్చేవాళ్లకి అంతకన్నా తలవంపు లేదు. "నా చేతి మీదుగా వెళ్లిన ఏ పుస్తకానికీ ఇంతవరకు ఆ పట్టిక పడలేదు. ఇకముందు పడదు."

"దీనికి వేద్దాం. సంఘం వాళ్లు అడిగినట్టు లోపల మూలప్రతిలో ఉన్న మాటే ఉంటుంది. వెనక పట్టికలో ఏముండాలో వాళ్లు నాకేమీ చెప్పలేదు. కూర్చోండి, నేను చెబుతాను, మీరు కొట్టండి."

అచ్చక్క చీటీల కట్టకి మళ్లీ తాడు చుట్టసాగింది.

"కూర్చోండక్కా," అంది లెక్చరరమ్మ. ఆవిడ నోట వట్టి అక్కా అని రావడం అదే మొదలు.

అచ్చక్క కూర్చుంది. లెక్చరరమ్మ వెనక నిలబడి, క్లాసులో చెప్పినంత గట్టిగా చెప్పింది. "మొదటి పుస్తకం, చివరి పంక్తి. తప్పు: కత్తి రయ్యిన. ఒప్పు: కత్తెర."

అచ్చక్క వేళ్లు మీటల మీద ఆగిపోయాయి. "తిరగేసి చెప్పారు. కత్తెర కదమ్మా తప్పు."

"సరిగ్గానే చెప్పాను. కింద ఇంకో వరస కూడా ఉంది, అదీ కొట్టండి. తప్పు మా నాన్నది, ఒప్పు అచ్చక్కది."

"మీ నాన్నగారిది తప్పని నా చేత్తో కొట్టనా?"

"ఆయన కూతుర్ని, నేను చెబుతున్నాను. కొట్టండి."

అచ్చక్క ఒక్కొక్క అక్షరం చూసి చూసి కొట్టింది. తన పేరు దగ్గరికొచ్చేసరికి కళ్లు మసకబారి చ ఒత్తు పడలేదు. లెక్చరరమ్మ ఒంగి చూసి, "అక్కడొక తప్పుంది," అంది.

"అది దిద్దుతాను లెండి," అంది అచ్చక్క.